సెట్ అయిందా, కుదిరిందా?

పోయిన సంచికలో ఊరికే ఒక మాట అడిగా, మీ ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎక్కువసార్లు వినపడే ఇంగ్లీషు మాట ఏంటి అని. టెన్షన్ అంటారనో సారీ అంటారనో అనుకున్నా. తీరా చూస్తే సగం మంది 'సెట్' గురించే రాశారు, కొందరు కోపంగా, కొందరు నవ్వుకుంటూ, ఒకాయనైతే ఏకంగా నాలుగు పేజీలు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి ఇదొక్కటే పట్టుకున్నా. ఆ 'పక్కన పెట్టడం' అన్నది కాస్త గుర్తుంచుకోండి, కింద దాంతో పని పడుతుంది.

ప్రశ్న: మేడమ్, మావాడు బీటెక్ థర్డ్ ఇయర్. వాడి నోట్లో ఒకటే మాట, సెట్. చొక్కా తెస్తే 'నాన్నా నాకిది సెట్ కాలేదు', రూమ్‌మేట్‌ని మార్చుకుంటే 'వాడితో సెట్ అవ్వలేదు', నా ఫోన్ ఇస్తే 'సెట్ చేసిచ్చా', గోవా టూర్‌కి డబ్బులు అడిగి 'ప్లాన్ మొత్తం సెట్'. మొన్న వాళ్ల ఫ్రెండ్‌కి ఎవరో అమ్మాయి కూడా సెట్ అయిందట. అసలు ఒక్క మాటకి ఇన్ని అర్థాలు నిజంగా ఇంగ్లీషులో ఉన్నాయా, లేక వీళ్లు కూకట్‌పల్లిలో తయారు చేసుకున్నారా? — ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: రెండూ నిజమే అండి. ముందు ఇంగ్లీషు సంగతి చెప్తా. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో వచ్చింది, అంత పెద్ద పుస్తకంలో అన్నిటికన్నా పొడుగు వివరణ ఈ మూడక్షరాల మాటదే. ఒక్క క్రియగానే 430 పైచిలుకు అర్థాలు, వివరణ అంతా కలిపితే సుమారు 60,000 మాటలు, అంటే ఒక నవల అంత. తర్వాత తర్వాత 'రన్' వచ్చి దాన్ని దాటేసింది, దానికి 645 అర్థాలు తేలాయి, ఆ ఒక్క మాట తేల్చడానికే ఎడిటర్‌కి 9 నెలలు పట్టిందని 2011లో పేపర్లలో వచ్చింది. ఎందుకు దాటిందంటే మిషన్లొచ్చాయి కదా, ఇంజిన్ రన్ అవుతుంది, ప్రోగ్రామ్ రన్ అవుతుంది, షాపు రన్ అవుతుంది, చివరికి ముక్కు కూడా రన్ అవుతుంది. సెట్ పాపం కదలకుండా కూర్చునే మాట, ఎక్కడ పరిగెడుతుంది.

కూర్చునే మాట అని ఊరికే అనలేదు. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం, పాత ఇంగ్లీషుకీ ముందే ఒకదాన్నుంచి ఒకటి పుట్టాయి. లోపలి అచ్చు కొంచెం మార్చి 'అయ్యే' మాటని 'చేసే' మాటగా మార్చేవాళ్లు అప్పట్లో, రైజ్ రేజ్, లై లే, ఫాల్ ఫెల్ అన్నీ ఆ బాపతే. ఫెల్ అంటే పడ్డాడు అని కాదు ఇక్కడ, చెట్టుని పడగొట్టడం. సరే, ఒక వస్తువుని కూర్చోబెట్టడం దగ్గర మొదలైంది, అక్కడ్నుంచి గడియారంలో ముల్లుని కూర్చోబెడితే అలారం సెట్ చేయడం, ఉంగరంలో రాయిని కూర్చోబెడితే సెట్టింగ్, విరిగిన ఎముకని దాని చోట్లో కూర్చోబెడితే అదీ సెట్, సూర్యుడు కొండ వెనక్కి దిగి కూర్చుంటే సన్‌సెట్. మనం పొద్దు వాలింది అంటాం, వాళ్లు పొద్దు కూర్చుంది అన్నారు, అంతే తేడా.

ఇంకో ముచ్చట. ఈ సిట్, సెట్, సీట్ అన్నిటికీ మూలమైన పాత ధాతువే సంస్కృతంలో 'సద్'గా కనపడుతుంది, అదీ కూర్చోవడమే. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు అన్నీ అక్కడివే. లాటిన్ వైపు నుంచి వచ్చినవి సెషన్, ప్రెసిడెంట్, ఆఖరికి గ్యాస్ బండ మీద వచ్చే సబ్సిడీ కూడా. కాబట్టి మీవాడు ప్లాన్ సెట్ అన్నప్పుడు ఉపనిషత్తుకి దూరపు చుట్టాన్ని పిలుస్తున్నాడని సరిపెట్టుకోండి, డబ్బులు మాత్రం ఆలోచించి ఇవ్వండి.

ఇదొక సెట్. రెండో సెట్ వేరే ఇంటిది. గాజుల సెట్, గిన్నెల సెట్, 'మా ఫ్రెండ్స్ సెట్' అంటామే, ఆ గుంపు అనే అర్థం ఫ్రెంచ్ మీదుగా లాటిన్ 'సెక్టా' నుంచి వచ్చింది. ఒకరి వెనక నడిచే మనుషుల గుంపు అని, ఇంగ్లీషులో సెక్ట్ అనే మాట కూడా దాన్నుంచే. మనుషుల గుంపు కాస్తా తర్వాత వస్తువుల గుంపు అయింది. పుట్టిల్లు వేరైనా పలకడం రాయడం ఒకటే అయ్యేసరికి రెండూ కలిసిపోయాయి, ఇప్పుడు విడదీయడం వాళ్లకీ కష్టమే. లాడ్ బజార్లో లక్క గాజుల కొట్టు ముందు నిలబడి 'ఈ సెట్ నా చేతికి సెట్ అవుతుందా' అని అడిగే పిల్లకి ఒక్క వాక్యంలో రెండు వంశాలు కలిపానని తెలీదు కదా.

మూడోది మన ఇళ్లల్లో అన్నిటికన్నా ఎక్కువ కన్నీళ్లు పెట్టించింది, ఎంసెట్. దానికీ పై రెండింటికీ ఏ చుట్టరికం లేదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌లో మొదటక్షరాలు అంతే. 1986లో మొదలైంది, తెలంగాణలో 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్. మెడిసిన్ నీట్‌కి వెళ్లిపోయాక పేరులో 'ఎం' ఎందుకని తీసేశారు. ఐసెట్, ఎడ్‌సెట్, లాసెట్, పాలిసెట్ అన్నీ దాని తమ్ముళ్లే. పేపర్ మీద రాసే రోజుల్లో హాల్లోంచి బయటికి రాగానే 'ఎంసెట్‌లో నీకు ఏ సెట్ వచ్చింది' అని అడిగేవాళ్లు, బీ సెట్ అంటే 'అబ్బ, బీ సెట్ టఫ్ అంట' అనేవాళ్లు. నాలుగు సెట్లలోనూ ప్రశ్నలు అవే, వరస మాత్రం వేరు అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

ఇక మీవాడి చొక్కా, రూమ్‌మేట్, ఆ అమ్మాయి. అవి ఇంగ్లీషువి కావండి, అచ్చంగా మనవి. ఆ సంగతి కాచిగూడ మాస్టారి ఉత్తరం దగ్గర చెప్తా.

ప్రశ్న: సెట్ దోశకి ఆ పేరెందుకు? దోశ సెట్ అవ్వడమేంటి? — ఒక హాస్టల్ అమ్మాయి, అమీర్‌పేట్

జవాబు: సెట్ అవ్వడం కాదమ్మా, సెట్‌గా రావడం. ప్లేటుకి రెండో మూడో చిన్న చిన్న దోశలు, మందంగా, స్పాంజిలా, ఒకదాని మీద ఒకటి పెట్టి ఇస్తారు, కర్ణాటక వైపు నుంచి వచ్చిన టిఫిన్. ఒక్కటే ఇచ్చి సెట్ దోశ అని డబ్బులు తీసుకుంటే మాత్రం గట్టిగా అడుగు.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను ఉప్పల్ల మేస్త్రి పని చేస్త. ఇంజినీర్ సారు మాటిమాటికి ఇనిషియల్ సెట్, ఫైనల్ సెట్ అంటడు. మేం గట్టిపడ్డది అంటం. రెండు ఒకటే గదా, మల్ల రెండు సెట్లు ఎందుకు? — ఒక మేస్త్రి, ఉప్పల్

జవాబు: అన్నా, మంచి ప్రశ్న, ఎందుకంటే ఇక్కడ మాట తేడా వల్ల పని చెడుతుంది. సిమెంట్‌లో నీళ్లు పడ్డ నిమిషం నుంచి లెక్క మొదలు. మొదట కొంతసేపు ముద్ద మెత్తగా ఉండి ఎటు తోస్తే అటు పోతుంది, ఆ మెత్తదనం పోవడం మొదలయ్యే టైముని ఇనిషియల్ సెట్ అంటారు. మామూలు సిమెంట్‌కి అది 30 నిమిషాల కంటే ముందు రాకూడదని, పూర్తిగా బిగుసుకునే ఫైనల్ సెట్ 600 నిమిషాలు, అంటే 10 గంటలు దాటకూడదని మన దేశపు ప్రమాణం. కలిపిన మాల్‌ని పోయడం, సర్దడం, లెవెల్ చేయడం అంతా మొదటి సెట్ లోపే అయిపోవాలి, అది దాటాక మళ్లీ నీళ్లు పోసి కలిపితే చూడ్డానికి మెత్తగానే ఉంటుంది గానీ బలం పోతుంది. సిమెంట్ మరీ గబుక్కున బిగుసుకోకుండా ఉండడానికే తయారీలో కొంచెం జిప్సమ్ కలుపుతారు.

ఇంకొకటి, ఫైనల్ సెట్ అయిందంటే గట్టిపడ్డది అని కాదు. సెట్ అంటే కదలకుండా కూర్చుంది అంతే, బలం రావడం తర్వాత వారాల తరబడి జరుగుతుంది, అందుకే క్యూరింగ్, నీళ్లు కొట్టడం. కాబట్టి మీ మాట, సారు మాట ఒకటి కాదు. సారుది కూర్చోవడం, మీది గట్టిపడడం, రెండూ కావాలి. అన్నట్టు మీరు రోజూ అనే సెంట్రింగ్ కూడా తమాషా మాట, రాతి కమానులు కట్టేటప్పుడు కింద తాత్కాలికంగా నిలబెట్టే కర్రల చట్రానికి పేరు అది, ఇప్పుడు కమాను లేకపోయినా పేరు ఉండిపోయింది.

ప్రశ్న: మా మనవడు 'అమ్మమ్మా, సెట్ టాప్ బాక్స్ ఆపేయ్' అంటాడు. సెట్ ఏది, టాప్ ఏది? అది టీవీ కింద అలమరలో ఉంటుంది. — ఒక అమ్మమ్మ, మల్కాజిగిరి

జవాబు: పిన్నిగారూ, రేడియోలు కొత్తగా వచ్చినప్పుడు అదొక్క వస్తువు కాదు, చాలా పార్టులు కలిపి బిగించిన సరంజామా, అందుకని వైర్‌లెస్ సెట్ అన్నారు, తర్వాత టీవీ సెట్, టెలిఫోన్ సెట్. ఆ టీవీ సెట్ నెత్తిన పెట్టే డబ్బా కాబట్టి సెట్ టాప్ బాక్స్. మీకు గుర్తుండే ఉంటుంది, పాత టీవీలు వెనక ఇంత పొట్టతో ఉండేవి, పైన క్రోషియా గుడ్డ, దాని మీద పూలకుండీ, పక్కన పెళ్లి ఫొటో. మన హైదరాబాద్‌లో కేబుల్‌కి ఈ డబ్బా తప్పనిసరి చేసిన గడువు 2013 మార్చి 31, అప్పటికే చాలా ఇళ్లల్లో టీవీ పలచబడి గోడకెక్కింది, దాని మీద డబ్బా కాదు కదా రిమోట్ కూడా నిలబడదు. పేరు మాత్రం ఇంకా నెత్తి మీదే ఉంది.

ప్రశ్న: మా అన్నదమ్ముల మధ్య స్థలం గొడవ. కింది కోర్టులో మేం గెలిచాం, వాళ్లు పైకెళ్లారు. మొన్న మా వకీల్ ఆఫీసు నుంచి మెసేజ్, 'జడ్జిమెంట్ సెట్ అసైడ్' అని. సెట్ అంటే సెట్ అయింది, అసైడ్ అంటే పక్కన పెట్టారు, వాళ్ల అప్పీల్‌ని పక్కన పెట్టేశారు కాబోలని ఇంట్లో అందరం సంబరపడిపోయాం, మా ఆవిడ మైసూర్‌పాక్ కూడా తెప్పించి పక్కింటివాళ్లకి పంచింది. సాయంత్రం వకీల్ గారు ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. — పేరు వద్దు, ఎల్బీ నగర్

జవాబు: ముందు మైసూర్‌పాక్ సంగతి మర్చిపోండి, స్వీట్లు వెనక్కి అడగలేం. మీరు పొరబడిన చోట ఇంగ్లీషువాళ్లు కూడా పొరబడగలరు, ఎందుకంటే ఈ జంట మాటకి రెండు పనులు. నెలకి ఇంత సెట్ అసైడ్ చేశా అంటే దాచా అని, తర్వాత పనికొస్తుందని తీసి ఉంచడం. అదే కోర్టులో అయితే కొట్టేశారు, రద్దు చేశారు, ఇక అది చెల్లదు. దాచుకోవడం, పారేయడం, ఒక్క మాటలో. మన 'పక్కన పెట్టడం' కూడా అచ్చం అలాంటిదే, పండక్కి చీర పక్కన పెట్టా అంటే ఒకటి, ఆ సంబంధం పక్కన పెట్టేశాం అంటే ఇంకోటి. మొదట్లో గుర్తుంచుకోమన్నది ఇందుకే.

ఇంకో మూడు మాటలు తెలిసి ఉంటే మీకు ముందు ముందు పనికొస్తాయి. స్టే అంటే ప్రస్తుతానికి ఆపడం, తీర్పు బతికే ఉంటుంది. రిజర్వ్ చేశారంటే వాదనలు అయిపోయాయి, తీర్పు తర్వాత చెప్తారని. రిమాండ్ అనగానే మనకి జైలే గుర్తొస్తుంది గానీ సివిల్ కేసులో రిమాండ్ అంటే మళ్లీ చూడమని కింది కోర్టుకి తిప్పి పంపడం. మీ తీర్పు సెట్ అసైడ్ చేసి ఊరుకున్నారా, చేసి రిమాండ్ చేశారా అన్నది వకీల్ గారిని అడగండి, రెండింటికీ చాలా తేడా. అన్నిసార్లూ ఇది చెడ్డ మాట కూడా కాదు, మీరు హాజరు కాలేదని మీ మీద ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తే దాన్ని సెట్ అసైడ్ చేయమని మీరే అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లోపు. సెట్ ఆఫ్ మళ్లీ వేరు, క్రిమినల్ కేసులో రిమాండ్ అయి జైల్లో ఉన్న రోజుల్ని వేసిన శిక్షలోంచి తీసేయడం, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 428వ సెక్షన్ అదే. దీపావళి టపాసులు కాల్చినా ఇంగ్లీషులో సెట్ ఆఫే, ఊరికి బయల్దేరినా సెట్ ఆఫే.

ఇలాంటి మెసేజ్ వస్తే తెలుగులో రాయమని అడగడానికి మొహమాటపడకండి. డబ్బులిచ్చేది మీరు.

ప్రశ్న: సెట్‌కి పాస్ట్ టెన్స్ 'సెట్టెడ్' అని రాస్తే మా సార్ కొట్టేశారు. — టెన్త్ స్టూడెంట్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కొట్టేయాల్సిందే నాన్నా. సెట్, సెట్, సెట్, మూడూ ఒకటే. కట్, పుట్, హిట్, షట్, లెట్ కూడా అంతే, అన్నిటి చివరా 'ట్' ఉంది చూడు. పాత ఇంగ్లీషులో వీటిల్లో కొన్నిటికి చివర వేరే అక్షరాలు ఉండేవి, సెట్‌కి అయితే 'సెట్టె' అని ఉండేది, పలికి పలికి ఆ తోకలు అరిగిపోయి అన్నీ ఒకేలా మిగిలాయి. అలాగని ట్ ఉన్నవన్నీ ఇలాగే ఉంటాయనుకోకు, సిట్ శాట్ అవుతుంది, గెట్ గాట్ అవుతుంది. ఇది మాత్రం బట్టీ పట్టాల్సిందే, లాజిక్ లేదు.

ఇదే పిల్లాడు లెక్కల గురించి కూడా అడిగాడు, ఇంగ్లీష్ మీడియం ఫ్రెండ్ సెట్స్ అంటుంటే వీడి పుస్తకంలో సమితులు అని ఉందట. రెండూ ఒకటే. టెన్త్ లెక్కల్లో రెండో పాఠం. ఈ సమితుల గణితానికి ఆద్యుడు జార్జ్ కాంటర్ అనే జర్మన్ ఆయన, 1874లో వేసిన పేపర్‌తో మొదలు. తెలుగులో సమితి అని పెట్టడం నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే మనకి సమితి అంటే ముందు గుర్తొచ్చేది ఐక్యరాజ్య సమితి, లేదంటే ఏదో ఒక పోరాట సమితి. ఒక్క సభ్యుడూ లేని శూన్య సమితి అనగానే మా రోజుల్లో క్లాసంతా నవ్వేది, మా వీధిలో అలాంటి సమితి ఒకటి బోర్డుతో సహా ఉండేది మరి.

ప్రశ్న: షటిల్‌లో సెట్ అనాలా గేమ్ అనాలా? — గచ్చిబౌలి

జవాబు: గేమ్. సెట్ టెన్నిస్‌ది, అక్కడ గేములు కలిస్తే సెట్, సెట్లు కలిస్తే మ్యాచ్. మన సానియా మీర్జా 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది చూడండి, మొదటి సెట్ 5-7తో పోయింది, తర్వాతవి 7-6, 7-5. షటిల్‌లో గేములు కలిస్తే నేరుగా మ్యాచ్, మధ్యలో సెట్ లేదు. కానీ మన కాలనీల్లో సెట్ అనడానికి ఒక చరిత్ర ఉందని నా అనుమానం, 15 పాయింట్ల కాలంలో స్కోరు 14-14 అయితే ఆటని ఇంకో మూడు పాయింట్లకి 'సెట్' చేసుకునేవాళ్లు, దాన్ని సెట్టింగ్ అనేవాళ్లు. 2006లో 21 పాయింట్ల పద్ధతి వచ్చాక అది పోయింది, మాట మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్లలో తిరుగుతూనే ఉంది.

ప్రశ్న: అయ్యా, అమ్మా, ఎవరైతేనేం. నేను 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో నిన్న నా మనవరాలి పెళ్లి 'సెట్ అయింది'. కుదిరింది అనే చక్కని మాట నోట్లో ఉండగా ఈ సెట్ ఎందుకు? ఇలా ఒక్కో మాటా పోతూ ఉంటే రేపు తెలుగులో మిగిలేది 'అయింది' ఒక్కటే. దీనికి మీ పత్రికలూ కారణమే. — కాచిగూడ

జవాబు: మాస్టారూ, ముందుగా మనవరాలికి శుభాకాంక్షలు. నాలుగు పేజీలు రాసింది మీరే, అన్నీ వెయ్యలేకపోయా, క్షమించండి.

మీరు అనుకుంటున్నట్టు 'సెట్' వచ్చి 'కుదురు'ని చంపలేదు, నేను చూసినంతలో జరిగింది వేరే. ఇంగ్లీషువాడు 'సండే నాకు సెట్ అవుతుంది' అనడు. 'ఈ చొక్కా నాకు సెట్ అవ్వలేదు' అని అస్సలు అనడు, అంటే పక్కవాడికి అర్థం కాదు. ఆ 'నాకు' ఎక్కడిది? నాకు కుదరదు, నాకు పడదు, నాకు నచ్చదు, మన వాక్యం అది. పిల్లలు ఇంగ్లీషు నుంచి శబ్దం తెచ్చుకున్నారు, దాని లోపల మన కుదురుని కూర్చోబెట్టారు. పెళ్లి, ముహూర్తం, బేరం, టైము, కూర, ఎక్కడెక్కడ కుదిరింది అనేవాళ్లమో సరిగ్గా అక్కడల్లా సెట్ అయింది. మా ఇంట్లో మా అమ్మ గోంగూర పచ్చడి రుచి చూసి 'ఇవాళ భలే కుదిరింది' అంటుంది, మా అమ్మాయి అదే ముద్ద తిని 'అమ్మమ్మా, సెట్' అంటుంది. ఇద్దరూ ఒకటే మాట మాట్లాడుతున్నారు, చొక్కాలే వేరు.

ఇంకొంచెం లోపలికెళ్తే నాకే ఆశ్చర్యమేసింది. మన దగ్గర కుదురు అంటే దానంతట అదే నిలకడ కావడం, కుదుర్చు అంటే ఇంకొకరు పూనుకుని నిలకడ చేయడం. సిట్ సెట్ జంట లాంటిదే కదా. అదే జంటని పిల్లలు మళ్లీ కట్టుకున్నారు, సెట్ అవ్వడం, సెట్ చేయడం. పెళ్లి సెట్ అయింది, మేనమామ సెట్ చేశాడు. పైగా కుదురు అంటే వస్తువు కూడా, గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టకుదురు. కుండ దాంట్లో కూర్చుంటుంది. కుదురుగా కూర్చోరా అని పిల్లల్ని తిట్టేది ఎందుకు మరి. ఎక్కడో ఉత్తర దేశాలవాళ్లు కూర్చోబెట్టడం నుంచి సెట్ అల్లుకున్నారు, మనం కుండ కింద చుట్ట దగ్గర ఆ ఊహకే వచ్చాం, ఆ రెండు మాటలూ ఇన్ని వందల ఏళ్ల తర్వాత అమీర్‌పేట్ హాస్టల్లో ఎదురుపడ్డాయి. నాకైతే ఇందులో తెలుగు ఓడిపోయినట్టు కనపడదు.

అలాగని మీ బాధ ఉత్తిదే అనను. నా బాధ వేరే మాటల గురించి. కుదురుకి ఏం కాదు, పచ్చళ్లున్నంత కాలం అది బతుకుతుంది, 'వాడి తిక్క కుదిరింది' అన్నచోట 'తిక్క సెట్ అయింది' అని ఇంతవరకు ఎవరూ అనగా నేను వినలేదు. కానీ ఈ ఊపులో సెట్ ఇంకో నాలుగు మాటల్ని కూడా మింగుతోంది. ఆ రంగు నీకు నప్పింది అనేవాళ్లం. ఆ కమ్మలు నీ మొహానికి అమిరాయి అనేవాళ్లం. అత్తాకోడళ్లకి పొసగదు, ఆ మాత్ర నా ఒంటికి పడదు, అంత సామాను ఈ గదిలో ఇమడదు. నప్పడం చూసేవాళ్ల కంటికి సంబంధించింది, అమరడంలో కొంచెం అదృష్టం ఉంది, పొసగకపోవడానికి ఇద్దరు కావాలి, పడకపోవడానికి ఒక్క ఒళ్లు చాలు. ఇప్పుడు అన్నిటికీ 'సెట్ కాలేదు'. మొన్న మా పక్కింటమ్మాయి ఫోన్లో 'నాకూ మా ఆయనకీ సెట్ అవ్వట్లేదు పిన్నీ' అంటే గుండె జారిపోయింది నాకు, ఐదు నిమిషాలు మాట్లాడాక తేలిందేంటంటే ఇద్దరి ఆఫీసు షిఫ్టులు కుదరట్లేదట, పొసగకపోవడం కాదు. అదే పాత మాటలో చెప్పుంటే నా బీపీ అక్కడే ఆగేది.

మీ ఇంట్లో కుదిరింది అనిపించడానికి గొడవ పడకండి మాస్టారూ, పెళ్లి బట్టలు కొనేటప్పుడు మాత్రం పక్కన కూర్చుని ఏది నప్పింది, ఏది అమిరింది అని నాలుగుసార్లు అనండి, పిల్లలకి వినపడేట్టు.

ప్రశ్న: కడుపు అప్‌సెట్, మనసు అప్‌సెట్, వీటిల్లో సెట్ ఇదేనా? సెటైర్‌లో కూడా? — సికింద్రాబాద్

జవాబు: అప్‌సెట్‌లో ఉన్నది ఇదే. తమాషా ఏంటంటే మొదట్లో అప్‌సెట్ అంటే నిలబెట్టడం, పైకెత్తి పెట్టడం. తర్వాత ఎలాగో తిరగబడి, తిరగబడడం అనే అర్థానికొచ్చింది. సెటిల్ కూడా ఈ కుటుంబమే, కూర్చునే పీట నుంచి వచ్చింది. అమెరికాలో సెటిల్ అయ్యాడు, బిల్లు సెటిల్ చేశాడు, ల్యాండ్ సెటిల్‌మెంట్ చేశాడు, ఈ మూడింటిలో చివరిదానికి మన ఊళ్లో ఇంకో అర్థం ఉంది, అది మీకే బాగా తెలుసు. సెటైర్ మాత్రం కాదు, అది లాటిన్‌లో రకరకాల పదార్థాలు నిండిన పళ్లెం అనే మాట నుంచి వచ్చింది.

ప్రశ్న: మేడమ్, ఇంటర్వ్యూలో హెచ్ఆర్ 'ఈ జాబ్ ఎందుకు అనుకుంటున్నారు' అని ఇంగ్లీషులో అడిగితే 'దిస్ జాబ్ ఈజ్ సెట్ టు మీ' అన్నా. ఆమె నవ్వింది. తప్పు ఎక్కడ? ఈ శుక్రవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. — ఒక నిరుద్యోగి, మియాపూర్

జవాబు: తప్పు మాటలో కాదు, 'నాకు'లో, పైన మాస్టారికి చెప్పిందే. తెలుగు వాక్యాన్ని లోపల పెట్టుకుని ఇంగ్లీషు చొక్కా తొడిగారు, ఇంట్లో అది చెల్లుతుంది, ఇంటర్వ్యూలో చెల్లదు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు సెట్ నోటిదాకా రాగానే ఒక్క క్షణం ఆగి తెలుగులో అసలు ఏమనాలనుకున్నారో చూసుకోండి. సైజు కుదరడం అయితే ఫిట్. రంగో, పనో, పద్ధతో నప్పడం అయితే సూట్. టైమ్ కుదరడం అయితే వర్క్స్ ఫర్ మీ. మనుషులకి పొసగడం అయితే గెట్ అలాంగ్. పెళ్లి కుదరడం అయితే ఫిక్స్‌డ్ అని మన దేశంలో అందరూ అంటారు, ఆ మాట ఇంటర్వ్యూలో ఎలాగూ రాదనుకోండి. మీ ఉద్యోగానికైతే 'దిస్ జాబ్ సూట్స్ మీ' అనేసి అక్కడ ఆగొద్దు, ఎందుకు సూట్ అవుతుందో ఇంకో రెండు వాక్యాలు రెడీగా పెట్టుకోండి, ఆమె తర్వాత అడిగేది అదే. 'ఆల్ ద బెస్ట్, ఆర్ యూ ఆల్ సెట్' అని ఆమే అంటే మాత్రం ధైర్యంగా 'ఎస్, ఆల్ సెట్' అనండి, అది వాళ్ల సెట్టే.